పీఠం లోపలి మట్టి: ఒక ఉత్సవ విగ్రహం కేసు

మొదట వచ్చింది వాట్సాప్ ఫోటో. గోనెపట్టా మీద పడుకోబెట్టిన కంచు అమ్మవారు. ఒళ్ళంతా ఆకుపచ్చ చిలుము, మొహం మాత్రం తళతళా పసుపుపచ్చగా మెరుస్తోంది. ఆ మొహం చూడగానే నాకు గుండె జారిపోయింది. ఎవరో చింతపండు పెట్టి తోమారు. కింద మెసేజ్: "మేడం, అమ్మవారు బయటపడింది. మిగతాది కూడా తోమేదా?"

"తోమొద్దు. నీళ్ళు తగలనీయొద్దు. పీఠం తిరగేసి దులపొద్దు" అని రాసి ఆ రాత్రే బస్సెక్కాను.

నేను లోహ విగ్రహాల కన్సర్వేటర్ని. చిలుము పట్టిన, విరిగిన, మట్టిలోంచి తీసిన విగ్రహాలను నిలబెట్టడం నా పని. ఈ కేసులో మందులతో చేసిన పని నాలుగు రోజులే. మిగతా రోజులన్నీ ఏం చేయకూడదో తేల్చుకోవడానికే సరిపోయాయి. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు పనికొస్తుందని రాస్తున్నాను.

దొరికిన తీరు

ఊరు చిత్తూరు జిల్లా దక్షిణాన, తమిళనాడు సరిహద్దుకు దగ్గర. పేరు రాయను. రాస్తే దొంగకు అడ్రసు ఇచ్చినట్టే. ఒకప్పుడు తొండైమండలం అనే తమిళ ప్రాంతంలో, చోళుల ఏలుబడిలో ఉన్న నేల అది. ఇప్పటికీ ఊళ్ళో చాలామందికి ఇంట్లో తమిళం, బజార్లో తెలుగు. శివాలయం జీర్ణోద్ధారణలో అర్ధమండపం (గర్భగుడి ముందున్న మండపం) బండలు లేపుతుంటే ఒక బండ కింద ఏటి ఇసుక కనపడింది. చుట్టూ ఉన్నది ఎర్రమట్టి, ఆ గుంతలో మాత్రమే ఇసుక. అందులో మూడు విగ్రహాలు: నిలబడిన అమ్మవారు, చంద్రశేఖరుడు (తలపై నెలవంక ఉన్న శివుడు), త్రిశూలంతో అస్త్రదేవుడు.

మేస్త్రీ బుద్ధిమంతుడు. గడ్డపార పక్కన పెట్టి అర్చకుడిని పిలిచాడు. అర్చకుడు సర్పంచికి, సర్పంచి తహసీల్దారుకి చెప్పారు. భూమిలో దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధి చట్టం. (పది రూపాయలకు ఇప్పుడు కర్పూరం పొట్లం కూడా రాదు, అది వేరే సంగతి.) తహసీల్దారు వచ్చి పంచనామా రాసేలోపే, భక్తి కొద్దీ ఎవరో అమ్మవారి మొహం తోమేశారు. నేను వెళ్ళాక ఎవరని అడగలేదు. ఇన్నేళ్ళు మట్టిలో ఉండి వచ్చిన తల్లికి మొహం కడగడం తప్పని ఏ ఇంట్లో నేర్పుతారు?

అయితే ఆ చింతపండు ఏం తీసేసిందో చెప్పాలి. మట్టిలో ఉన్న కంచు పైపొర మెల్లగా చిలుముగా మారుతుంది. స్థపతి, అంటే విగ్రహం చేసిన శిల్పి, ఉలితో గీసిన గీత, కాటుక రేఖ, వంకీ మీద పువ్వు చాలాసార్లు ఆ చిలుములోనే మిగులుతాయి, దాని కింది లోహంలో కాదు. చిలుము మురికిలా కనిపిస్తుంది గానీ విగ్రహానికి అది చర్మం. పులుపు పెడితే చర్మం ఊడి మాంసం బయటపడినట్టు లోపలి లోహం మెరుస్తుంది. చూసేవాళ్ళకు "అబ్బ, కొత్తదానిలా అయింది" అనిపిస్తుంది. అవును, పాతదంతా పోయింది కాబట్టి.

మట్టి ఎందుకు కడగకూడదు

దక్షిణాది కంచు విగ్రహాలు ఎక్కువగా గట్టిగా పోసినవే, లోపల బోలు ఉండదు. పీఠం మాత్రం కింద డొల్లగా ఉంటుంది. మా అమ్మవారి పీఠం డొల్లలో పిడికెడు మట్టి గట్టిపడి ఉంది. అది అక్కడుంటే తేమ పట్టి చిలుము పెరుగుతుందని, వెంటనే తీసేయాలని పుస్తకం చెబుతుంది. నేను కూడా ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక నటరాజు పీఠాన్ని పంపు కింద పెట్టి శుభ్రంగా కడిగాను, మా సీనియర్ మెచ్చుకున్నారు కూడా. పత్తూరు కేసు చదివాకే నేను కాలవలో కలిపింది ఏమిటో అర్థమైంది.

తంజావూరు జిల్లా పత్తూరులో 1976లో ఒక కూలీ తవ్వుతుంటే పాడుబడ్డ విశ్వనాథస్వామి గుడి దగ్గర నటరాజు, మరికొన్ని కంచులు దొరికాయి. ఆ నటరాజు చేతులు మారి లండన్ చేరింది. కెనడాకు చెందిన బంపర్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ అనే కంపెనీ 1982లో దాన్ని రెండున్నర లక్షల పౌండ్లకు కొంది. విగ్రహాన్ని బాగుచేయడానికి బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చినప్పుడు లండన్ పోలీసులు పట్టుకున్నారు. అంటే దొంగసొత్తు దొరికింది నాలాంటివాళ్ళ బల్ల మీదే. కేసు లండన్ కోర్టుకెళ్ళింది. మన వైపు వాదుల్లో భారత ప్రభుత్వం, తమిళనాడు ప్రభుత్వంతో పాటు గుడి ఉంది, ఆ గుడిలోని శివలింగం కూడా ఉంది. మన చట్టంలో గుడికీ దేవుడికీ ఆస్తి ఉండొచ్చు, దావా వేయొచ్చు. దాన్ని ఇంగ్లండ్ జడ్జికి ఒప్పించాలి.

అంతకంటే ముందు ఈ నటరాజు ఆ నటరాజే అని రుజువు చేయాలి. విగ్రహం మీద ఊరి పేరు ఉండదు కదా. పురావస్తు పండితుడు ఆర్. నాగస్వామి వెళ్ళి శిల్పశైలి గురించి సాక్ష్యం చెప్పారు. పత్తూరులోనే మిగిలిన కంచులతో లోహాన్ని పోల్చారు. వాటితో పాటు మట్టిని, విగ్రహాల మీద చెదలు కట్టిన గీతలను కూడా కోర్టులో పరిశీలించారు. చెదపురుగు సాక్షి! 1988లో తీర్పు మనవైపు వచ్చింది. 1991లో అప్పీలు కోర్టు కూడా గుడికి హక్కుందని తేల్చింది, ఆ ఏడాదే నటరాజు ఇండియా చేరాడు. లండన్‌లో ఎవరైనా ముందే దాన్ని తళతళా తోమి ఉంటే ఆ సాక్ష్యాల్లో కొన్ని సింకులో కలిసిపోయేవి.

అందుకే మా అమ్మవారి పీఠంలోని మట్టిని ముందు ఫోటో తీశాను, తర్వాత పొరలుగా చెక్కపుల్లతో తీశాను. పైపొర వేరు, లోపొర వేరు. గుంతలోని ఇసుక, పక్క ఎర్రమట్టి కూడా తీసి విడివిడి సీసాల్లో పోసి మైనంతో సీలు వేశాం. పంచనామాలో సంతకం పెట్టిన తహసీల్దారు "మట్టికి కూడా సీలా మేడం?" అని నవ్వారు. పత్తూరు కథ చెబితే ఇంకో సెట్ తీయమన్నారు.

ఒంటిమీద రాసి ఉన్నది

ఇక్కడ కాసేపు ఆగుతాను. నా ఉద్యోగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే: ఏ పరికరమూ తీయకముందు విగ్రహాన్ని ఊరికే చూడటం.

పీఠం రెండు పక్కలా లావు కడియాలు. ఊరేగింపుకు కర్రలు దూర్చి కట్టడానికి. లోపలి అంచు ఒక వైపే ఎక్కువగా అరిగింది. అంటే ఆమెను చాలాసార్లు మోశారు, మోసిన ప్రతిసారీ బరువు ఒక వైపుకే ఒరిగింది. ఈ గుడి బయటి వీధి ఇప్పటికీ ఒక వైపు వాలుగా ఉంటుంది. ఈ రెండిటికీ సంబంధం ఉందని నేను రిపోర్టులో రాయలేదు, ఇక్కడ రాస్తున్నాను. పీఠం వెనక ప్రభావళి (విగ్రహం చుట్టూ ఉండే తోరణం) నిలబెట్టే రంధ్రాలు ఉన్నాయి, ప్రభావళి లేదు. కుడిచేయి పువ్వు పట్టుకునేట్టు వేళ్ళు ముడిచి ఉంది. ఆ పువ్వు రోజూ మారేది కాబట్టి స్థపతి దాన్ని పోయలేదు, చోటు మాత్రం వదిలాడు. జారవిడిచిన ఎడమచేతి చిటికెన వేలు విరిగింది. విరిగిన చోట కూడా చిలుము పూర్తిగా ఉంది కాబట్టి అది గడ్డపార దెబ్బ కాదు, పూడ్చకముందే విరిగింది.

ముక్కు కొస, చనుకట్టు, మోకాళ్ళు నున్నగా అరిగాయి. అవి చేతులు తగిలే చోట్లు. అభిషేకంలో పాలు, పెరుగు, చందనం, విబూది, తర్వాత గుడ్డతో తుడవడం, కొన్ని తరాల పాటు. మ్యూజియంలో నిలబెట్టిన చోళ కంచు నడుము వంపు చూసి మనం మైమరచిపోతాం గానీ, పూజలో ఉన్నన్నాళ్ళూ ఆ వంపు వస్త్రాల కిందే, దాన్ని చూసింది అర్చకులే. భక్తులకు కనపడేది మొహం, అది కూడా పువ్వుల మధ్య.

తర్వాత తుంటి దగ్గర, చింతపండు తగలని చోట, భూతద్దం కింద చిలుములో గళ్ళు గళ్ళుగా నేత కనపడింది. నిలువు పోగు, అడ్డపోగు. గుడ్డ పోయింది, గుడ్డ అచ్చు చిలుములో మిగిలింది. లోహంలోని ఉప్పులు పోగుల్లోకి ఇంకి గట్టిపడితే ఇలా జరుగుతుంది. ఆమెను గుడ్డ చుట్టి పడుకోబెట్టారు.

ఊళ్ళో అప్పటికే రెండు మాటలు నడుస్తున్నాయి. ఎవరో దొంగ దాచాడని ఒకటి, ఖండితమని, అంటే విరిగిందని, పారేశారని ఇంకోటి. రెండో మాట అర్చకుల కుటుంబాన్ని బాధపెట్టింది. చిటికెన వేలు విరిగితే పారేయరు. పెద్ద అంగం విరిగితే ఒక విధి, ఉపాంగాలు ప్రత్యంగాలు, అంటే చిన్న భాగాలు, విరిగితే బాగుచేసుకునే విధి గుడి పూజల శాస్త్రాలైన ఆగమాల్లోనే ఉంది. ఆ కుటుంబంలోని పెద్ద అయ్యగారిని పిలిచి భూతద్దం ఇచ్చాను. ఆయన చాలాసేపు చూశారు. "చీర కట్టి పంపించినారమ్మా" అన్నారు, అంతే.

ఆపద వేళ విగ్రహాలను భూమిలో దాచే పద్ధతి వైఖానసుల విమానార్చనకల్పంలో ఉంది. గుంత తవ్వి, ఇసుక పరిచి, ప్రార్థించి పడుకోబెట్టాలి. ఇది శివాలయం, ఆ గ్రంథం వైష్ణవులది, అయినా గుంతలో ఏటి ఇసుక చూశాక దాచింది ఎవరో తెలిసినవాళ్ళేనని నాకు సందేహం లేదు. తమిళదేశంలో ఎక్కడ కంచు దొరికినా 1311 నాటి ఢిల్లీ సేనాని మాలిక్ కాఫర్ దండయాత్రకు ముడిపెట్టడం ఒక అలవాటు. నేను ముడిపెట్టలేదు. అందరూ పూడ్చి కూర్చోలేదు కూడా. శ్రీరంగం ఉత్సవమూర్తి ఆ శతాబ్దంలోనే ఊళ్ళు దాటి తిరుమల చేరి, అక్కడ కొన్నాళ్ళు పూజలందుకుని, 1371లో విజయనగర సేనాని గోపన్న చేతుల మీదుగా మళ్ళీ శ్రీరంగం వెళ్ళాడు. తిరుమల గుళ్ళో రంగనాయకుల మండపం పేరు అందుకే. నడవగలిగిన దేవుడు నడిచాడు, లేనివాళ్ళను భూమికి అప్పజెప్పారు.

చంద్రశేఖరుడు అమ్మవారి కంటే పొట్టి, పీఠం పద్మం తీరు కూడా వేరు. జంట కాదేమో అని పురావస్తు శాఖ నుంచి వచ్చినాయన అనుమానపడ్డారు. అది పెద్ద విషయం కాదు. తమిళనాడులోని తిరువెణ్‌కాడు గుడి వృషభవాహనుడిని (శివుడి ఒక రూపం) 1011లో చేయిస్తే దేవేరిని 1012లో చేయించారని ఆ గుడి శాసనాలే చెబుతాయి. దాతకు డబ్బు కుదిరినప్పుడు దేవుడికి పెళ్ళి.

బంగారం గొడవ

మూడోరోజు గుడి ముందు కారులో నలుగురు దిగి "పంచలోహంలో బంగారం ఎంత?" అని అడిగి వెళ్ళారు. ఆ రాత్రి పోలీసు కాపలా పెంచారు. నాకు టెన్షన్ పట్టుకుంది.

లోహాల పాళ్ళు చెప్పే, చేతిలో పట్టుకునే ఎక్స్‌రే పరికరంతో, చింతపండు తోమిన బుగ్గ మీదే కొలిచాను (తోమినందుకు దక్కిన ఏకైక లాభం). రాగి ఎక్కువ, తగరం, సీసం కొద్దికొద్దిగా. బంగారం, వెండి లెక్కలోకి వచ్చేంత లేవు. చోళుల కంచుల్లో మామూలుగా కనపడేది ఇదే. సీసం ఎందుకంటే, కరిగిన లోహం పలచగా పారి మూసలోని ప్రతి వేలు కొసకూ చేరాలి. ఇప్పటికీ కుంభకోణం పక్కన స్వామిమలైలో పోత పోసే స్థపతులు, దాత ఇచ్చిన చిన్న బంగారు తునక, వెండి తునక కరిగే లోహంలో వేస్తారు. అది దాత తృప్తి కోసం, తూకం కోసం కాదు. అక్కడ తేనెమైనం, గుగ్గిలం, నూనె కలిపి బొమ్మ చేస్తారు. దాని మీద కావేరి వండ్రుమట్టి పొరలు పొరలుగా పూస్తారు. కాలిస్తే మైనం కారిపోతుంది, ఖాళీ అయిన చోటులో లోహం పోస్తారు. మూస పగలగొట్టాలి కాబట్టి ఒక మూసకు ఒకే దేవుడు. మా అమ్మవారికి కవల ఎక్కడా లేదు.

ఊరిపెద్దలను కూర్చోబెట్టి ఇందులో బంగారం లేదని చెప్పాను. కొందరి మొహం చిన్నబోయింది. "బంగారం కాకుంటే మరి దీనికి అంత విలువేంది సార్?" అని ఒక కుర్రాడు శాఖవారిని అడిగాడు. జవాబుగా నేను తంజావూరు సంగతి చెప్పాను. అక్కడి పెద్దగుడిలో చోళరాజు రాజరాజు శాసనాలు ఉన్నాయి. ఆయన, అక్క కుందవై, రాణులు ఇచ్చిన ప్రతి లోహ విగ్రహం పాదం నుంచి తల దాకా ఎన్ని మూరలు, ఎన్ని వేళ్ళు, ఎన్ని చేతులు, గట్టిగా పోసిందా, బోలుగా పోసిందా అని గోడ మీద చెక్కించారు. నగలకైతే ముత్యాల లెక్క సహా తూకం రాయించారు. వెయ్యేళ్ళ కిందటే స్టాక్ రిజిస్టరు ఉంది. మనం ఈ ఊరి దేవుళ్ళ ఎత్తు కూడా ఎక్కడా రాసుకోలేదు. ఆ మాట అనడంతో ఇంకో గొడవ మొదలైంది.

తెర వెనక ఫోటోలు

రిజిస్టరు రాయాలంటే నాలుగు వైపులా ఫోటోలు కావాలి, వస్త్రం లేకుండా. పెద్ద అయ్యగారు ఒప్పుకోలేదు. "మీ ఇంట్లో పెద్దావిడని అట్లా తీస్తావా తల్లీ?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఇది ఛాందసం అని తోసేస్తే ఆ గుళ్ళో నాకు పనే ఉండదు. ఆయన అన్నది తప్పు కూడా కాదు, ఆయన లెక్కలో ఆమె వస్తువు కాదు.

రెండు రోజులు ఆగి శ్రీపురంతాన్ సంగతి చెప్పాను. అరియలూరు జిల్లాలో పూజలు ఆగిపోయిన బృహదీశ్వరాలయం. 2006లో దొంగలు కంచులన్నీ ఎత్తుకుపోయారు. న్యూయార్క్ డీలరు సుభాష్ కపూర్ దగ్గర నటరాజును ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ 2008లో 50 లక్షల డాలర్లకు కొంది. అది ఆ గుడిదేనని పట్టించింది పాండిచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 1994లో గుళ్ళో తీసి దాచిన ఫోటో. 2014 సెప్టెంబరులో ఆస్ట్రేలియా ప్రధాని స్వయంగా తెచ్చి ఢిల్లీలో అప్పజెప్పాడు. ఆ ఫోటో లేకపోతే ఆ నటరాజు ఇవాళ కూడా కాన్‌బెర్రాలో లైట్ల కింద ఉండేవాడు.

అయ్యగారే దారి చెప్పారు. కళాకర్షణ చేసి శక్తిని కలశంలోకి దించుతారు, కలశం లోపల ఉన్నంతసేపు ఇక్కడ ఉన్నది లోహమే. తెర కడతారు. లోపల నేను, కెమెరా, అయ్యగారింటి కోడలు మాత్రమే ఉంటాం. ఫోటోలు ఫోన్‌లో ఉండవు. ఒక ప్రతి శాఖలో సీలు వేసి, ఒకటి గుడి బీరువాలో. వస్త్రంతో తీసిన ఫోటో మాత్రం ఎవరైనా చూడొచ్చు. నాకు తెలిసిన ఏ మ్యూజియం నియమావళీ ఇంతకంటే బాగా రాయలేదు.

ల్యాబుకు పంపాలన్నప్పుడు మాత్రం ఊరు ఊరంతా కాదంది. నేను బలవంతపెట్టలేదు, ఎందుకంటే శివపురం నాకు తెలుసు. కుంభకోణం దగ్గరి ఆ ఊళ్ళో 1951లో భూమిలో దొరికిన నటరాజును గుడికే ఇచ్చారు. తర్వాత కొన్నేళ్ళకు బాగుచేయించడానికి పంపారు. తిరిగొచ్చింది నకలు. ఊరు దానికే పూజ చేసింది. గుళ్ళో ఉన్నది నకలని 1965లో బ్రిటిష్ మ్యూజియం పండితుడు డగ్లస్ బారెట్ బయటపెట్టాడు. అసలుది 1973లో అమెరికాలో కళాఖండాలు సేకరించే నార్టన్ సైమన్‌కు తొమ్మిది లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది, 1986లో గానీ తిరిగి రాలేదు. "శుభ్రం చేసి ఇస్తాం" అన్న మాట అక్కడ ఎలా ముగిసిందో తెలిసినవాళ్ళకు నా పెట్టె చూస్తే భయం వేయదా? పని గుడి నైవేద్యం గది పక్కనే, అందరూ చూస్తుండగా చేశాను.

మందు, తీర్థం

పీఠం అంచున, వీపు మీద లేత ఆకుపచ్చ పొడి చుక్కలు. వేలితో తాకితే రాలుతుంది. దీన్ని మేం కంచుకు పట్టే జబ్బు అంటాం. మట్టిలోని ఉప్పు రాగితో కలిసి లోపల దాక్కుంటుంది, తేమ తగిలినప్పుడల్లా మేలుకుని లోహాన్ని తింటుంది. దీనికి మామూలుగా వాడేది బెంజోట్రయజోల్. ఆల్కహాల్‌లో కలిపి నానబెడితే రాగి మీద ఒక పొర కట్టి జబ్బును ఆపుతుంది, పైన రెజిన్ పూత వేస్తాం. మ్యూజియంలో నేను కళ్ళు మూసుకుని చేసే పని.

సీసా మూత తీస్తుంటే అయ్యగారు అడిగారు: "ఈ మందు తీర్థంలోకి దిగుతుందా అమ్మా?"

నేను ఆలోచించనే లేదు. అభిషేకం చేసిన పాలు, పంచామృతం చిన్నపిల్లల దాకా తాగుతారు. బెంజోట్రయజోల్ తాగే వస్తువు కాదు. అసలు మందు లేకపోయినా, సీసం కలిసిన కంచు మీద పెరుగు, నిమ్మరసం పోసి దాన్ని తాగడం కూడా నాకు ఇష్టం లేదు. మూత బిగించేశాను.

చివరికి చేసింది ఇది. భూతద్దం కింద స్కాల్పెల్‌తో, వెదురు పుల్లతో పొడి చుక్కలను ఒక్కొక్కటిగా తవ్వి తీశాను. గుంటల్లో సిల్వర్ ఆక్సైడ్ అద్దాను. అది ఉప్పును పట్టుకుని తేమ నుంచి మూసేస్తుంది, మిగతా ఒంటికి తగలదు. గుడ్డ అచ్చు ఉన్న తుంటిని ముట్టలేదు. విరిగిన వేలు అతకలేదు. తోమిన మొహానికి రంగు వేసి కలపమని శాఖవారు అడిగారు, వేయలేదు. అదీ ఆమెకు జరిగినదే. దేవుడి గది కోసం, తేమ పీల్చే సిలికా జెల్ పెట్టిన గాలి చొరబడని పెట్టె చేయించాం. ఆ జెల్ నీలం నుంచి గులాబీ రంగుకు మారితే వేడిచేసి ఆరబెట్టి మళ్ళీ పెట్టడం ఆ ఇంటి కోడలికి నేర్పాను.

అభిషేకం మాటేమిటి? ఇక్కడ కూడా దారి ఆగమంలోనే ఉంది. తిరుమలలో చూడండి. మూలవిరాట్టు ఒకరు, పల్లవ రాణి సామవై దేవి ఇచ్చిన వెండి భోగ శ్రీనివాసుడు ఏకాంత సేవకు, మలయప్ప ఊరేగింపుకు, కొలువు శ్రీనివాసుడు దర్బారుకు, ఉగ్ర శ్రీనివాసుడు ఏడాదికొక్కసారి తెల్లవారకముందు బయటికి. ఒక దేవుడు పనులు పంచుకున్న ఒళ్ళు ఇన్ని. మా గుడి వాళ్ళు స్నపనం (అభిషేకం) కోసం జానెడు విగ్రహం కొత్తగా పోయించుకున్నారు. అది వచ్చేదాకా అద్దం పెట్టి, అద్దంలోని అమ్మకు అభిషేకం చేశారు. అద్దం మీద పాలు కారుతుంటే వెనక అమ్మవారు పొడిగా నిలబడి ఉంది.

మ్యూజియానికా, గుడికా అన్నది నెలల తరబడి ఫైళ్ళలో నడిచింది. తమిళనాడులో చిన్న గుళ్ళ విగ్రహాలను చాలావరకు భద్రత కోసం ఐకాన్ సెంటర్లలో, అంటే ప్రభుత్వ విగ్రహ భద్రతా కేంద్రాల్లో, పెట్టారు. అక్కడ దొంగలు రారు, భక్తులూ రారు. ఇనుప తలుపు, అలారం, కెమెరా, రిజిస్టరు పెట్టుకుంటామని ఊరు రాసిచ్చాక ప్రస్తుతానికి గుడిలోనే ఉంచారు. ప్రస్తుతానికి అన్న మాట ఆర్డరులోనే ఉంది.

మొన్న ఉత్సవానికి వెళ్ళాను. ఏడాదికి ఒక్కసారే ఊరేగింపు, అదీ ఒక్క వీధి. కడియాల్లో కర్రలు దూర్చలేదు, పీఠాన్ని చెక్క పలక మీద పట్టీలతో కట్టి ట్రాక్టరు మీద పెట్టారు, అది నా షరతు. మొయ్యడానికి వచ్చిన కుర్రాళ్ళు నన్ను కోపంగా చూశారు. తోమిన మొహం దీపాల పొగకు అప్పుడే కొంచెం నల్లబడుతోంది. తిరిగొచ్చాక గుడి బీరువా తెరిచి సీళ్ళు చూశాను. ఫోటోల కవరు అలాగే ఉంది. పక్కన పీఠం మట్టి సీసా. దాని మీద నేను అంటించిన నంబరు చీటీ కనపడలేదు. దాని మీద పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు.